రోమము మరల మొలవకుండునా?

మనుష్యునకు తన రోమములతో గల పేచీ మిక్కిలి ప్రాచీనమైనది. తలమీది వెంట్రుకలు దువ్వెనకు వచ్చినకొలదిని బెంగపెట్టుకొని నూనెలను, లేపనములను వెదకు మానవుడే, పైపెదవిమీదనో, చుబుకముమీదనో, ముంజేతులమీదనో మొలచిన వెంట్రుకను తీసివేసి, అది కొలది దినములకే మరల తలయెత్తుట చూచి విసిగి, ఇక నెన్నటికిని మొలవకుండ చేయు మార్గ మేదైన కలదా యని అడుగుచుండును. ఈ ప్రశ్నకు పూర్వులు తాళకముతోను, చీమల గుడ్లతోను, పసుపుతోను సమాధానము చెప్పజూచిరి. గత శతాబ్దము ఎక్సురేలతోను, విషలోహములతోను చెప్పజూచి చేయి కాల్చుకొనెను. మన కాలము లేజరు కిరణముతో చెప్పుచున్నది. వీనిలో ఏది యెంతవరకు నిజమో తెలియవలెనన్నచో, ముందుగా రోమ మెక్కడ పుట్టునో, ఎట్లు పెరుగునో, పెరుగుట యెప్పుడు మానునో తెలిసికొనవలెను. ఏలయన ఈ విషయమున జనులను మోసపుచ్చుటలో మొదటి స్థానము రోమముయొక్క స్వభావమునదే, అంగడివాడు దాని తరువాతివాడు.

కంటికి కనబడు వెంట్రుక నిర్జీవమైన పదార్థము. అది కెరటిన్ అను మాంసకృత్తుతో నేర్పడిన తంతువు. దానిని కత్తిరించినను, గొరిగినను, కొసను కాల్చినను మనకు నొప్పి తెలియకుండుటకు కారణ మిదియే. జీవమంతయు చర్మము లోపలనున్న రోమకూపమునందు గలదు. ఈ కూపములు శిశువు తల్లిగర్భమున నుండగనే ఏర్పడును. పుట్టిన పిమ్మట సాధారణముగా క్రొత్తవి పుట్టవు. శరీరమంతటను వీని సంఖ్య ఇంచుమించు 50 లక్షలు. అందు తలమీద నున్నవి లక్ష మాత్రమే. స్త్రీల చెక్కిలి నున్ననిదని మన మనుకొందుము గాని, అచటను కూపములు దట్టముగానే యుండి, కంటికానని నూగును పుట్టించుచున్నవి. యౌవనారంభమున ఆండ్రోజనులు అను హార్మోనులు రక్తమున హెచ్చినపుడు, చంకలలోను, పురుషుల ముఖముమీదను, వక్షస్థలముమీదను ఉన్న కూపములు నూగును విడిచి నల్లని ముతక రోమమును పుట్టించుట కారంభించును. కావున నడివయసులో చుబుకముమీద కనబడిన రోమము ఎక్కడనుండియో క్రొత్తగా వచ్చినది కాదు. పుట్టుకనుండి అచటనే యున్న కూపము తన వృత్తిని మార్చుకొన్నది.

కూపము అడుగున, సన్నని రక్తనాళములతో పోషింపబడు చిన్న బుడిపె యొకటి కలదు. దానిని రోమాంకుర మనవచ్చును. పెరుగుమనియు, ఆగుమనియు ఆజ్ఞ లిచ్చునది అదియే. చిరకాలము శాస్త్రజ్ఞులు రోమముయొక్క ప్రాణమంతయు ఈ అడుగుభాగముననే యున్నదని తలచిరి. అయితే కూపమున కొంత పైగా, చలివేసినపుడు వెంట్రుకను నిక్కబొడుచు చిన్న కండరము వచ్చి యంటుకొను తావున, స్వల్పమైన ఉబ్బొకటి కలదు. 1990లో కాట్సరెలిస్, సన్, లావ్కర్ అను ముగ్గురు పరిశోధకులు ఎలుకల చర్మమును పరిశీలించి, కూపమును మరల మరల నిర్మింపగల మూలకణములు ఈ ఉబ్బునందు దాగియున్నవని చూపిరి. పట్టకారుతో పీకినపుడు తెల్లని మొదలుతో సహా వెంట్రుక చేతికి వచ్చుటచే "వేరు వచ్చినది" అని మనము సంతోషింతుము. కాని ఆ వచ్చినది వెంట్రుకయొక్క క్రిందికొన మాత్రమే. ఉబ్బు లోపలనే యుండును, అంకురమును చాలవరకు అచటనే నిలిచియుండును, రెండును కలిసి కొలది వారములలో మరియొక వెంట్రుకను నిర్మించును.

ఇక రోమముయొక్క కాలగతి. ప్రతి కూపమును కొంతకాలము పెరుగుదశలో నుండును, పిమ్మట రెండు మూడు వారములు క్షీణదశలో నుండును, ఆపైన కొన్ని నెలలు విశ్రమించును. తలమీది రోమము రెండునుండి ఆరేండ్లవరకు నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుచు పోవుటచేతనే జడ నడుమువరకు దిగును. కనుబొమ్మ రోమము కొలది నెలలే పెరిగి మానుకొనుటచే దానిని ఎన్నడును కత్తిరించుకొననివానికిని అది కన్నులను కప్పదు. ఒకే చోటనున్న కూపములన్నియు ఒకే దశలో నుండవు. ప్రక్క ప్రక్కనున్న రెండింటిలో ఒకటి పనిచేయుచుండగా రెండవది నిద్రించుచుండును. చికిత్సల విలువను కట్టునప్పుడు అందరును మరచునది ఈ నిద్రనే. ఈ దినమున నేదియో లేపనము పూసినవానికి వచ్చు రెండు మూడు నెలలలో కొన్ని వెంట్రుకలు తమంతట తామే రాలును, కొన్ని కూపములు తమంతట తామే విశ్రమించును, ఆ కీర్తి యంతయు లేపనమునకు దక్కును. ఆపైన వెంట్రుకలు తిరిగివచ్చినచో, "పథ్యము తప్పితిని" అనియో, "ఇంకొన్నాళ్ళు పూసియుండవలసినది" అనియో తననే నిందించుకొనును.

ఇట్టి అపాత్రకీర్తికి మన యిండ్లలోని ప్రసిద్ధమైన యుదాహరణము పసిపిల్లల నలుగు. అమ్మమ్మ కాళ్ళు బారజాపుకొని పీటమీద కూర్చుండి, శిశువును కాళ్ళమీద బోర్లబెట్టుకొని, ముందుగా నూనె పట్టించి, తరువాత శనగపిండిలో పసుపును, మీగడను కలిపిన ముద్దతో వీపుమీదను, భుజములమీదను, నుదుటిమీదను మెల్లగా దొర్లించుచుండగా, ఆ ముద్దకు సన్నని నూగు అంటుకొని వచ్చును. "చూశావటే అమ్మాయీ, ఎట్లా ఊడి వస్తోందో! ఇప్పుడు బద్ధకించావంటే పెద్దదయ్యాక పిల్లే బాధపడుతుంది" అని ఆమె బాలింతరాలైన కూతురును హెచ్చరించును. ఊడివచ్చినమాట నిజమే. కాని గర్భస్థశిశువు దేహమంతయు కప్పియుండు ఆ తొలినూగు పుట్టుకకు ముందు కొంతయు, పుట్టిన తొలివారములలో మిగిలినదియు తనంతటనే రాలుటకు సిద్ధమైయుండును. నలుగు పెట్టని పిల్లకును అది రాలును. నలుగు పెట్టిన పిల్లకును, పెద్దదైన తరువాత ఆండ్రోజనులు పిలిచినపుడు కూపములు పలుకకమానవు. మెల్లగా చేసిన మర్దనమున శిశువునకు సుఖము కలదు. అయితే నూగును మొదలంట తీసివేయవలెనను పట్టుదలతో గట్టిగా రుద్దినచో ఆ లేతచర్మము కందును, పొక్కును, ఒక్కొకప్పుడు చీముపట్టును. ఆ పట్టుదలకు మాత్రము స్వస్తి చెప్పుట మేలు.

దీనికి సరిగా వ్యతిరేకమైన విశ్వాసమును మన యిండ్లలోనే కలదు: గొరిగినకొలదిని రోమము ఒత్తుగా మొలచుననునది. పుట్టువెంట్రుకలు తీయించినపుడు, తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించినపుడు, ఇక జుట్టు దట్టముగా వచ్చునని పెద్దలు సంతోషింతురు. ఆ పెద్దలే, ఆడపిల్ల చేతులమీద మంగలికత్తి యాడించినచో మగవానివలె ముతకవెంట్రుకలు వచ్చునని భయపడుదురు. 1928లో మిల్‌డ్రెడ్ ట్రాటర్ అను అమెరికన్ శరీరశాస్త్రజ్ఞురాలు కొందరు పురుషులు గడ్డము గీసికొనుచుండగా వారి రోమముల మందమును, పెరుగుదలను కొలిచి, గొరుగుటవలన మార్పేదియు లేదని చూపినది. తరువాతి పరిశోధనలు ఆమె మాటనే బలపరచినవి. కత్తి నిర్జీవమైన తంతువును మాత్రమే తాకినది, కూపమునకు ఆ సంగతియే తెలియదు. గొరుగని రోమముయొక్క కొస సన్నగా నుండును, గొరిగినదానికి మొద్దుకొస యేర్పడును. ఆ మొద్దుకొస వ్రేలికి గరుకుగా తగులుటచే మందమైనదని భ్రమ కలుగును. శిశువు విషయమున, గుండు చేయించిన వయస్సే తొలిజుట్టు పోయి ముదురుజుట్టు వచ్చు వయస్సగుటచే ఆ విశ్వాసము మరింత గట్టిపడినది.

రోమమును ఔషధముతో తొలగించు విద్య మనకు క్రొత్తది కాదు. సుశ్రుతసంహిత చికిత్సాస్థానమునందు వ్రణమునకు చేయదగిన 60 ఉపక్రమములను చెప్పుచు, అందులో రోమములను తొలగించుటను, పోయిన రోమములను మరల మొలిపించుటను రెండింటిని చేర్చిరి. పుండు చుట్టునున్న రోమములు దానిని మాననీయవని శస్త్రవైద్యునకు తెలిసినంతగా మరెవరికి తెలియును? అచట చెప్పబడిన యోగములలో నొకటి రెండుపాళ్ళు శంఖచూర్ణమును, ఒకపాలు హరితాళమును పులిసిన ద్రవముతో నూరి పూయుమనుచున్నది. హరితాళమనగా మన వైద్యులు తాళకమనియు, హరిదళమనియు చెప్పు పసుపుపచ్చని ఖనిజము. రసాయనశాస్త్రరీత్యా ఆర్సెనిక్కును, గంధకమును కూడిన సమ్మేళనము. కాల్చిన శంఖము సున్నమే. ఈ సున్నము, తాళకముల జంటనే పశ్చిమాసియా హమాములలోను వాడిరి. యునానీ వైద్యులు నూరా యనిరి, తురుష్కుల స్నానశాలలలో రుస్మా యనిరి. రుస్మాను సిద్ధపరచువారు దానిలో నొక పక్షియీకను ముంచి చూచెడివారు. ఈకకు ఇరుప్రక్కలనున్న కేసరములు ఊడిపడినచో ముద్ద పదునెక్కినట్లు గుర్తు. ఇది కాకతాళీయమైన పరీక్ష కాదు. ఈకయు, వెంట్రుకయు కెరటిన్ జాతివే. వారు చర్మముమీద పూయుటకు ముందు ప్రయోగశాలలో చేయవలసిన పనినే ఈకతో చేసిరి.

కెరటిన్ తంతువునకు బలమంతయు అందలి గంధకపు బంధములవలన వచ్చినది. పొడవైన మాంసకృత్తుపోగులు ప్రక్క ప్రక్కన నిలిచి, గంధకపరమాణువుల జంటలచే అడ్డముగా బిగింపబడియుండును. సున్నము, తాళకములు నీటిలో కలిసినపుడు పుట్టు గంధకసమ్మేళనములు, సున్నపు క్షారముయొక్క సాయముతో, ఈ బిగింపులను తెంచును; అంతట బిరుసైన వెంట్రుక కొలది నిమిషములలో మెత్తని ముద్దయై గుడ్డతో తుడిచినంతనే పోవును. తోళ్ళు పదును పెట్టువారికి ఈ రసాయనము తరతరములుగా తెలియును. తంగేడుచెక్కలో నానవేయుటకు ముందు తోలును సున్నపుగుంటలో ఊరవేసి వెండ్రుకలు గీరుట మన దక్షిణదేశపు పద్ధతి. సున్నముతో తాళకమునో, సోడియం సల్ఫైడునో చేర్చినచో పని త్వరితమగునని చర్మకారులెరుగుదురు. తోలు చచ్చినది కనుక దానికి ఆర్సెనిక్కువలన భయము లేదు. బ్రదికియున్న చర్మమునకు, అందును గీతలు పడిన చర్మమునకు, ఆ భయము చాల కలదు.

1934లో గాడర్డు, మైఖేలిస్ అనువారు థయోగ్లైకాలిక్ ఆమ్లముయొక్క లవణములు కెరటిన్‌లోని గంధకబంధములను తెంచునని చూపిన తరువాత, ఆర్సెనిక్కుతో పనిలేక అదే ఫలమును పొందు దారి దొరకినది. ఈనాడు అంగడిలో అమ్ము రోమనాశక క్రీములలో అధికభాగమునకు ఆధార మదియే. వానిని పూసినపుడు ఎంత సుగంధము కలిపినను దాగని ఆ కుళ్ళిన గ్రుడ్డు వాసన గంధకమునదే. చర్మపు పైపొరయు కెరటిన్‌మయమే. కాని అందు గంధకము తక్కువగుటచేతను, దాని పట్టు వేరగుటచేతను వెంట్రుక కరగిన కొంతసేపటికి గాని చర్మము కరగుట కారంభింపదు. పెట్టెమీద వ్రాసిన నిమిషములకు అర్థ మా వ్యవధియే. "ఇంకొక అయిదు నిమిషములుంచిన బాగుగా పనిచేయును" అనుకొనువారు చర్మమును గూడ ఆ లెక్కలో చేర్చుచున్నారు. క్రీము వాడిన పిదప మొలచు వెంట్రుక కత్తితో గీసినదానికంటె మెత్తగా నుండుమాట నిజము, దాని కొస మొద్దుబారక గుండ్రనగుటచేత. కాని మొలచుట మాత్రము మానదు. సుశ్రుతుని యోగమైనను, నేటి క్రీమైనను, చర్మపు గుమ్మము దాటి లోనికి పోలేవు.

మొలవకుండ చేయుననిన మూలికలు, జంతుద్రవ్యములు వేరుగా నొక పెద్ద జాబితా. క్రీ. శ. 79లో మరణించిన రోమన్ పండితుడు ప్లినీ, చీమల గుడ్లను శిశువుల చంకలలో రుద్దినచో అచట రోమములు మొలవవని వ్రాసియుంచెను. పందొమ్మిది వందల యేండ్ల తరువాత చీమగ్రుడ్ల నూనె యని చిన్న సీసాలలో పశ్చిమాసియానుండి వచ్చి మన నగరములలో అమ్ముడగుచున్నది. ఈ దీర్ఘాయువునకు మించిన ప్రమాణము దానికి లేదు. పసుపు విషయము కొంచెము వేరు. పసుపు రాచుకొను స్త్రీల ముఖమున రోమములు తక్కువగా నుండునని మన పల్లెలలో నాటినుండి నేటివరకు నమ్మకము. మనము వంటలో వాడు పసుపునకు అట్టి శక్తి కలదని రుజువు కాలేదు. కాని దాని దాయాదియైన కర్క్యుమా ఏరుగినోసా అను దుంపనుండి తీసిన తైలము చంకలలోని రోమముల పెరుగుదలను కొంత మందగింపజేసినదని 2017లో థాయిలాండు పరిశోధకులు, ఎవరికి మందు, ఎవరికి ఉత్తనూనె యిచ్చిరో తెలియనీయక చేసిన పరీక్షలో కనుగొనిరి. అందలి జెర్మాక్రోన్ అను పదార్థము, టెస్టోస్టిరోనును మరింత తీక్ష్ణమైన రూపమునకు మార్చు ఎంజైమును అడ్డగించుననుట వారి వివరణము. అమ్మమ్మల మాటలో పూర్తిగా పొల్లు లేదని యింతవరకు ఒప్పుకొనవచ్చును. మందగించుట వేరు, మానుట వేరు.

దారముతో పీకు థ్రెడింగు, చక్కెరపాకముతో తీయు పశ్చిమాసియా పద్ధతి, మైనముతో తీయు వ్యాక్సింగు, అన్నియు పట్టకారుకు అన్నదమ్ములే. రెండు మూడు పర్యాయములు పీకించుకొన్న పిదప వెంట్రుకలు పలుచబడినవని చెప్పువారు కలరు. ఏండ్ల తరబడి పీకబడిన కొన్ని కూపములు దెబ్బతినుట అసంభవము కాకపోయినను, సాధారణముగా కనబడునది పీకబడిన కూపములు ఒక్కుమ్మడిగా క్రొత్త పెరుగుదశకు సిద్ధపడుటకు పట్టు వ్యవధి మాత్రమే. వంకరజుట్టు గలవారికి తిరిగి మొలచు వెంట్రుక చర్మములోపలికే తిరుగుకొని పొక్కులగును.

కూపమును లోపలనుండి చంపుటకు మనుష్యుడు చేసిన కొన్ని ప్రయత్నములు చదువుటకే ఒడలు జలదరించును. రాంట్‌జెన్ ఎక్సురేలను కనుగొన్నది 1895 నవంబరులో. మరుసటి వసంతముననే అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయమున జాన్ డేనియల్ అను ఆచార్యుడు తన సహోద్యోగి డడ్లీ తలను ఒక గంటసేపు ఈ కిరణముల యెదుట నుంచగా, 21 దినముల తరువాత ఆ భాగమున జుట్టు రాలి బట్టతల యేర్పడెను. ఆ వార్త వియన్నా చేరినది. అచట లియొపోల్డ్ ఫ్రాయిండ్ అను యువవైద్యుడు 1896లో, వీపంతయు రోమములతో నిండిన పుట్టుమచ్చ గల అయిదేండ్ల బాలికకు దినమునకు రెండుగంటల చొప్పున ఎక్సురేలు పట్టించెను. రోమములు రాలినవి, అంతతో రేడియేషను చికిత్స యను శాస్త్రమే పుట్టినది. కాని ఆ పిల్ల వీపు పుండై చిరకాలము మానలేదు, ఆ మచ్చలు ఆమెకు వార్ధక్యమువరకు తోడుండెను. క్యాన్సరు చికిత్సకు పునాదియైన ప్రయోగము రోమములు పోగొట్టుటకు చేసినదనుట విచిత్రమే.

విజ్ఞానులు జంకినచోట వ్యాపారులు జంకలేదు. 1924 ప్రాంతమున న్యూయార్కున ఆల్బర్టు గైసర్ అను వైద్యుడు ట్రైకో అను పేరితో ఒక యెక్సురే యంత్రమును సౌందర్యశాలలకు సమకూర్చెను. స్త్రీలు అందమైన చెక్కపెట్టె యెదుట చెక్కిలి ఆనించి కొలది నిమిషములు కూర్చుండెడివారు. నొప్పి లేదు, వాసన లేదు, కాలుట లేదు, కొన్ని పర్యాయములకు రోమములు నిజముగానే పోయెడివి. ఫలము కనబడినది వారములలో, దాని వెల తెలిసినది సంవత్సరములలో: చర్మము ముడుతలుపడి, వన్నెమారి, పుండ్లు పుట్టి, కొందరికి క్యాన్సరుగా పరిణమించెను. కూపమును శాశ్వతముగా చంపు మోతాదునకును, చర్మమును చెరచు మోతాదునకును నడుమ చోటు లేకపోవుటయే ఆ కిరణముల దోషము. తాల్లియం కథయు నిట్టిదే. తలమీది తామరకు పిల్లల జుట్టును రాల్చుటకై వైద్యులు వాడిన ఆ లోహలవణమును చేర్చి, 1930లో అమెరికాలో కొరెమ్లూ అను ముఖలేపనమును అమ్మజొచ్చిరి. దేహము తాల్లియమును పొటాషియమని భ్రమించి నరములలోనికి చేర్చుకొనును. అవాంఛిత రోమములు పోవుటతో బాటు తలజుట్టును రాలి, కాళ్ళు చచ్చుపడి, కొందరికి చూపు మందగించెను. 1932లో ఆ వ్యాపారము దివాలా తీసెను. 1938లో అమెరికాలో సౌందర్యద్రవ్యములను చట్టముక్రిందికి తెచ్చుటకు ప్రేరణలైనవానిలో ఈ లేపనమును ఒకటి.

ఈ గందరగోళమునకు పూర్వమే, ఏ ఆడంబరమును లేక, ఒక కంటివైద్యుడు సరియైన దారిని చూపియుండెను. రెప్పవెంట్రుకలు లోపలికి తిరిగి నల్లగ్రుడ్డును గీరుచుండు వ్యాధి కలదు. పీకినను మరల మొలచి మరల గీరును. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున చార్లెస్ మైఖెల్ అనునతడు, ఆ వెంట్రుకల కూపములోనికి సన్నని సూదిని జొనిపి, బ్యాటరీనుండి స్వల్పమైన విద్యుత్తును ప్రసరింపజేసి, అవి యిక మొలవకుండ చేసితినని 1875లో ప్రకటించెను. అచట కాల్చినది విద్యుత్తు కాదు. దేహమునందలి ఉప్పునీటిపై విద్యుత్తు పనిచేయగా సూదికొనయందు కాస్టిక్ సోడా పుట్టును, ఆ క్షారమే కూపము గోడలను కరగించును. తరువాత పౌనఃపున్యము హెచ్చిన విద్యుత్తుతో వేడి పుట్టించు పద్ధతియు, రెండింటిని కలిపిన పద్ధతియు వచ్చినవి. అమెరికా ఔషధనియంత్రణ సంస్థ నేటికిని "శాశ్వత రోమనిర్మూలనము" అను మాటను ఈ సూదికి మాత్రమే యిచ్చినది. దీని లోపము దీని నేర్పులోనే యున్నది: ఒక్కొక్క కూపమును వెదకి, దాని వాలును కనిపెట్టి, గ్రుచ్చి, కొలది క్షణములు నిలుపవలెను. పైపెదవికి నెలలును, గడ్డమునకు సంవత్సరములును పట్టుట కలదు. ఆనాడు నిద్రించుచున్న కూపములకై మరల రావలెను. చేయి తప్పినచో మచ్చ మిగులును.

ఒక్కసారిగా వేల కూపములను పట్టగలుగుట లేజరుతో సాధ్యమైనది. లేజరు 1960లో పుట్టినను, దానిని చర్మము కాలకుండ ప్రయోగించు సూత్రమును 1983లో ఆండర్సన్, పారిష్ అను హార్వర్డు వైద్యులు ప్రకటించిరి. నల్లగొడుగు ఎండకు వేడెక్కునంతగా తెల్లగొడుగు వేడెక్కదు. అట్లే రోమమునందలి మెలనిన్ అను నల్లని వర్ణకము పీల్చుకొనగల కాంతిని, చుట్టునున్న భాగము చల్లబడుటకు వీలుకలుగు స్వల్పకాలముమాత్రమే పంపినచో, వేడి వెంట్రుకకు పరిమితమగునని వారి ఆలోచన. అయితే వర్ణకమున్నది వెంట్రుకయందు. చంపవలసిన మూలకణము లున్నవి వర్ణకము లేని ఉబ్బునందు. కావున వేడి వెంట్రుకనుండి ఆ ఉబ్బువరకు ప్రాకునంత దీర్ఘముగాను, చర్మమునంతటను కాల్చనంత హ్రస్వముగాను, సెకనులో నూరవవంతు, పదవవంతులతో కాంతి నిడివిని లెక్కకట్టవలసివచ్చెను.

1995లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి లేజరు పద్ధతి బొగ్గుపొడి కలిపిన నూనెను చర్మమున రుద్ది, ఆ బొగ్గుపై కాంతిని ప్రయోగించుటగా నుండెను. తొలినెలలలో ఫలము అద్భుతమనిపించెను. కొన్ని నెలలకు రోమములు తిరిగివచ్చెను. విశ్రాంతిదశ మరల నొకసారి మోసపుచ్చినది, ఈసారి అమ్మమ్మను కాదు, యంత్రనిర్మాతలను. అటుపిమ్మట అమెరికా ఔషధనియంత్రణ సంస్థ లేజరులకు "శాశ్వతముగా తగ్గించుట" అను బిరుదు నిచ్చుచు, దానికి అర్థమును నిశ్చయించినది: రోమచక్ర మొకటి పూర్తియగుటకు పట్టుదానికంటె దీర్ఘకాలము, తిరిగి మొలచు రోమముల సంఖ్య తగ్గియుండవలెను. తగ్గుటయే గాని పోవుట కాదు. పెరుగుదశలో నున్న కూపములే కాంతికి చిక్కును గనుక, నాలుగునుండి ఎనిమిది వారముల వ్యవధితో ఆరేడు పర్యాయములు చేయించుకొనవలెను. పిదప ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్ళవలసినవారును కలరు.

మన దేశస్థులకు దీనిలో నొక చిక్కున్నది. మెలనిన్ వెంట్రుకలోనే గాక చర్మములోను గలదు. ఛామనఛాయ చర్మమున అది సమృద్ధిగా నుండును. 694 నానోమీటర్ల రూబీ లేజరు తెల్లవారి దేహమున వెంట్రుకను వెదకి పట్టుకొనును గాని, మన దేహమున ముందుగా చర్మమునే పట్టుకొని కాల్చి నల్లమచ్చలను, తెల్లమచ్చలను మిగుల్చును. తరంగదైర్ఘ్యము హెచ్చినకొలదిని మెలనిన్ పీల్చుకొనుట తగ్గి, కాంతి లోతునకు దిగును. అందుచే 800 నానోమీటర్ల పైచిలుకు డయోడు లేజరును, 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజరును మనకు తగినవి. బ్యూటీపార్లరు గోడమీద "లేజరు" అని పెద్దయక్షరములతో వ్రాసినచో చాలదు. ఏ లేజరు, ఎవరు చేయుదురు, మన చర్మపు ఛాయకు యంత్రము నెట్లు మార్చుదురు అని అడిగి తెలిసికొనుట మేలు. మరియొక వైపరీత్యము: ముఖముమీదను మెడమీదను చేయించుకొన్న కొందరు స్త్రీలకు, అందును హార్మోనుల లోపము గలవారికి, చికిత్స చేసిన చోటును ఆనుకొని యున్న నూగు ముతకరోమముగా మారును. కూపమును చంపుటకు చాలని వేడి దానిని మేల్కొలుపుచున్నదేమో యని వైద్యులు ఊహించుచున్నారు.

కూపమును చంపక, దాని పనిని మందగింపజేయు మందొకటి విచిత్రమైన దారిన వచ్చినది. ఎఫ్లోర్నితిన్‌ను మొదట క్యాన్సరునకై సిద్ధపరచిరి. కణములు విభజన చెందుటకు కావలసిన ఎంజైము నొకదానిని అది అడ్డగించును. క్యాన్సరున అది నిరాశపరచినను, ఆఫ్రికాలో త్సెత్సె యీగ వలన వచ్చు నిద్రావ్యాధియందు, స్మృతితప్పి మరణోన్ముఖులైనవారిని సైతము లేపి కూర్చుండబెట్టుటచే "పునరుత్థాన ఔషధ"మని పేరొందెను. 1990లో అందులకు అమెరికా అనుమతియు లభించినది. కాని రోగులు నిరుపేదలగుటచే లాభము లేదని తయారీని మానుకొనిరి. రోమకూపమునందును ఆ ఎంజైమే పనిచేయుటచే, 2000లో 13.9 శాతము ఎఫ్లోర్నితిన్ గల ముఖలేపనము ధనికదేశముల అంగడికి వచ్చెను. స్త్రీల పైపెదవికొఱకు తయారగు మందు, ప్రాణము పోవుచున్నవారికి లేకపోవుటేమని లోకము ప్రశ్నింప, 2001లో ఆవెంటిస్ సంస్థ ప్రపంచ ఆరోగ్యసంస్థతో ఒప్పందమునకు వచ్చి నిద్రావ్యాధికి మందును ఉచితముగా సరఫరా చేయజొచ్చెను. ఇక లేపనమందురా, 24 వారముల పరీక్షలో నూటికి 32 మంది స్త్రీలకు స్పష్టమైన మేలు కలిగెను, ఉత్త లేపనము పూసినవారిలో ఎనిమండుగురికి. పూయుట మానిన రెండు నెలలకు ముఖము పూర్వస్థితికి వచ్చును.

ఇంతవరకు చెప్పినది కూపము సంగతి. ఆజ్ఞ పైనుండి వచ్చుచున్నప్పుడు కూపమును ఒక్కదానినే శిక్షించుట వ్యర్థము. ముట్టు క్రమము తప్పి, మొటిమలు, బరువు హెచ్చి, గడ్డమున రోమములు మొలచు యువతులలో అనేకులకు మూలము అండాశయములందు. ఇప్పుడందరి నోట నున్న పీసీఓడీ యదియే. అట్టివారికి ఆండ్రోజనులను అణచు మాత్రలు వైద్యుడు వ్రాయును గాని, అవి ఆరునెలలు వాడినగాని ముఖమున మార్పు కనబడదు, అప్పటికే పెరుగుచున్న వెంట్రుక తన దశను ముగించుకొన్నగాని పోదు గనుక. స్పైరనోలాక్టోన్ వంటివి గర్భము ధరింపదలచినవారికి తగవు. కొలది నెలలలోనే రోమములు విస్తరించి, గొంతు మగగొంతుగా మారినచో అది పార్లరుకు పోవలసిన విషయము కాదు. అండాశయమునందో, అడ్రినల్ గ్రంథియందో కణితి యున్నదేమో ముందు చూడవలెను.

మిగిలినవారు వృద్ధులు. ముట్టుడిగిన పిదప ఈస్ట్రోజన్ తగ్గి, ఉన్న స్వల్పపు ఆండ్రోజన్‌కే బలము హెచ్చినట్లగుటచే, అరువదియేండ్ల యామె చుబుకమున నాలుగైదు బిరుసువెంట్రుకలు, అవియు తెల్లనివి, మొలచును. లేజరునకు అవి కనబడవు, మెలనిన్ లేదు గనుక. లక్షల రూపాయల యంత్రము ముందు కూర్చుండి, వాటిలో ఒక్కటియు చావక తిరిగివచ్చినవారు కలరు. ఆమెకు పనికివచ్చునది మైఖెల్ సూదియే. వెంట్రుక యే రంగుదైనను దానికి పట్టింపు లేదు, ఉన్నవి నాలుగైదే గనుక ఒక్కొక్కదానిని గ్రుచ్చుటకు పట్టు కాలమును పెద్ద కాలము కాదు.